మనస్సాక్షికి కలెక్టర్ అనుమతా?

ఉత్తరప్రదేశ్‌లో మతం మారదలచినవారు 60 రోజుల ముందే జిల్లా మెజిస్ట్రేటుకు రాసి ఇవ్వాలి. వారి అసలు ఉద్దేశం ఏమిటో, కారణం ఏమిటో పోలీసులు విచారిస్తారు. మారాక మరో ప్రకటన దాఖలు చేయాలి. పుట్టిన తేదీ, చిరునామా, తండ్రి లేదా భర్త పేరు, పాత మతం, కొత్త మతం అన్నీ అందులో ఉండాలి. దాని ప్రతిని కార్యాలయం నోటీసు బోర్డు మీద అంటిస్తారు. 2021 నాటి ఈ చట్టాన్ని 2024లో సవరించి, బాధితుడితోనూ కుటుంబంతోనూ సంబంధం లేని మూడో మనిషి కూడా ఫిర్యాదు చేయవచ్చన్నారు. మార్పిడిలో బలవంతం, ప్రలోభం లేవని రుజువు చేసుకోవాల్సిన భారం నిందితుడిదే. ఇలాంటి చట్టాలు ఒక రాష్ట్రం తర్వాత మరో రాష్ట్రంలో వస్తున్నాయి. వీటిని ఈ పత్రిక వ్యతిరేకిస్తోంది.

మత విషయాల్లో అధికారి అనుమతి తీసుకోవడమంటే ఏమిటో తెలంగాణ నేలకు బాగా తెలుసు. నిజాం పాలనలో ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు కింద సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. మత వ్యవహారాలను ‘ఉమూరే మజహబీ’ శాఖ చూసేది. ఆర్యసమాజం వారు కొత్త మందిరం కట్టాలన్నా, హోమకుండం ఏర్పాటు చేయాలన్నా అనుమతి పత్రం కోసం తిరగాల్సిందే. బయటి నుంచి వచ్చే ప్రచారకులను రాజ్యంలోకి రాకుండా ఆపేవారు. శాంతిభద్రతలకు భంగం కలుగుతుందనేది అప్పుడు సర్కారు చెప్పిన కారణం. నిజానికి పల్లెల్లో ఉద్రిక్తత లేకపోలేదు. ఒకవైపు ఇస్లాంలోకి ఆహ్వానించే తబ్లీగ్, మరోవైపు తిరిగి హిందూమతంలోకి తెచ్చే శుద్ధి ఉద్యమం నడుస్తున్న రోజులవి. అయినా ఆర్యసమాజం ఆ కారణానికి తలవంచలేదు. 1939 జనవరిలో మహాత్మా నారాయణస్వామి నాయకత్వాన సత్యాగ్రహం మొదలైంది. ఉత్తరాది నుంచి కూడా వేలమంది తరలివచ్చి అరెస్టయ్యారు. హైదరాబాదు నాయకుడు పండిత నరేంద్రను అంతకుముందే నల్లమల అంచున మన్ననూరులో నిర్బంధించారు. జైళ్లలో కొందరు ప్రాణాలు విడిచారు. చివరకు నిజాం ప్రభుత్వం కొన్ని సడలింపులు ప్రకటించాక, ఆ ఏడాది ఆగస్టులో ఉద్యమం ఆగింది. తర్వాతి కాలంలో భారత ప్రభుత్వం ఆ సత్యాగ్రహాన్ని స్వాతంత్ర్య పోరాటంలో భాగంగా గుర్తించి, పాల్గొన్నవారికి పింఛన్లు ఇచ్చింది. ఆ గుర్తింపు న్యాయమైనదే. తన మతాన్ని ఆచరించడానికీ, దాని గురించి నలుగురికీ చెప్పడానికీ అధికారి అనుమతి అక్కర్లేదని నిలబడిన వారిని దేశం ఆ విధంగా గౌరవించుకుంది. మరి అదే అనుమతిని ఈనాటి పౌరుడి నుంచి ఏ నైతిక బలంతో అడుగుతున్నాం?

నిజాం నిరంకుశుడు, ఇప్పుడున్నవి ఎన్నికైన ప్రభుత్వాలు కదా అనేవారున్నారు. ఆ తేడా పెద్దదే. కానీ విశ్వాసం విషయంలో పోలీసు విచారణకు నిలబడ్డ మనిషికి ఆ తేడా వల్ల ఒరిగేదేమీ లేదు. సభలో ఎంత మెజారిటీ ఉన్నా అతని అంతరంగంలోకి తొంగిచూసే హక్కు దానివల్ల రాదు. 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛను ఇచ్చింది అందరికీ.

1956 అక్టోబరు 14ను గుర్తు చేసుకోవాలి. హిందువుగా పుట్టినా హిందువుగా చావనని అంబేడ్కర్ 1935లో యేవలాలో ప్రకటించారు. ఆ తర్వాత 21 ఏళ్లు అనేక మతాలను చదివారు, తర్కించారు, వేచి చూశారు. ఆ విజయదశమి రోజున నాగపూర్‌లో చంద్రమణి మహాస్థవీర్ చేతుల మీదుగా బౌద్ధం స్వీకరించారు. వెంటనే తానే లక్షలాది అనుచరులకు దీక్ష ఇచ్చి, వారిచేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఉత్తరప్రదేశ్ చట్టం ప్రకారం ఇద్దరు మారినా అది సామూహిక మార్పిడే. అక్రమమని తేలితే 2021లో పెట్టిన శిక్షే 3 నుంచి 10 ఏళ్ల జైలు, సవరణతో అది ఇంకా పెరిగింది. మెరుగైన జీవనాన్ని ఆశ చూపడం కూడా ఆ చట్టం దృష్టిలో ప్రలోభమే. అంటరానితనం నుంచి బయటపడి మనిషిగా బతకండని చెప్పడం కంటే మెరుగైన జీవనాన్ని చూపడం ఇంకేముంటుంది? నాగపూర్ దీక్షాభూమి నాటి ఘట్టాన్ని ఈ చట్టం కింద ఊహిస్తే, దీక్ష ఇచ్చిన అంబేడ్కర్ నెల ముందు నోటీసు ఇవ్వాలి, దీక్ష తీసుకున్న ప్రతి కూలీ, ప్రతి గృహిణి 60 రోజుల ముందు ఫారం నింపాలి, ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే తాను నిర్దోషినని రాజ్యాంగ నిర్మాతే నిరూపించుకోవాలి. ఏటా ఆయన విగ్రహాలకు దండలు వేసే నాయకులు ఈ మాటకు జవాబు చెప్పాలి.

ఈ చట్టాల్లో ఇంకొక వివక్ష ఉంది. వదిలి వచ్చిన మతానికి తిరిగి వెళ్లేవారికి ఇవేవీ వర్తించవు. ఒక దారిలో వెళితే నోటీసు, విచారణ, అదే దారిలో తిరిగి వస్తే ఏమీ లేదు. హిమాచల్‌ప్రదేశ్ 2006 చట్టంలోనూ ఇదే మినహాయింపు, 30 రోజుల ముందస్తు నోటీసు ఉండేవి. 2012లో ఆ రాష్ట్ర హైకోర్టు నోటీసు నిబంధనను కొట్టివేసింది. తన విశ్వాసాన్ని బయటపెట్టకుండా ఉంచుకునే హక్కు మనిషికి ఉందని స్పష్టం చేసింది. ఆ చట్టాన్ని తెచ్చింది కాంగ్రెస్ ప్రభుత్వం. 1967లో ఒడిశా చట్టం స్వతంత్ర పార్టీ పాలనలో వచ్చింది. కాబట్టి ఇది ఏ ఒక్క పార్టీ తప్పో కాదు. 2019లో బీజేపీ ప్రభుత్వం హిమాచల్‌లో కొత్త చట్టం తెచ్చి, నోటీసును తిరిగి పెట్టింది.

బలవంతపు మార్పిడులను ఎవరూ సమర్థించరు. ప్రలోభాలు, మోసాలు జరగడం లేదని కూడా ఈ పత్రిక అనదు. బెదిరిస్తే అది నేరం, మోసగిస్తే అదీ నేరం, విదేశీ నిధులపై నిఘాకు వేరే చట్టం ఉంది. బాధితుడు ఫిర్యాదు చేస్తే పోలీసులు కేసు పెట్టి శిక్ష పడేలా చూడాలి. ఒడిశా, మధ్యప్రదేశ్ చట్టాలను 1977లో సమర్థించిన సుప్రీంకోర్టు తీర్పు కూడా బలవంతం, మోసం, ప్రలోభాల గురించే మాట్లాడింది. మతం మారే మనిషి తన మనసులోని మాటను ముందుగా ప్రభుత్వానికి చెప్పాలా అన్న ప్రశ్నలోకి అది వెళ్లలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చాక, ఆ ప్రశ్నను ఇంకా వాయిదా వేయడం తగదు.

ఈ చట్టాలపై దాఖలైన పిటిషన్లు సుప్రీంకోర్టు ముందు ఏళ్లుగా ఉన్నాయి. ఈలోగా అరెస్టయినవారికి బెయిలు కోసం తిరగడమే సరిపోతోంది. కోర్టు వాటిని వెంటనే విని, ముందస్తు నోటీసు నిబంధనలను కొట్టివేయాలి. ఆలయ ప్రాంగణాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చట్టం చేసింది. అది ఒక స్థలం పవిత్రతను కాపాడేదే తప్ప మనిషి అంతరంగం జోలికి పోయేది కాదు. ఆ గీత దాటి ఇలాంటి చట్టం తెచ్చే ప్రతిపాదన అమరావతిలో వచ్చినా, హైదరాబాదులో వచ్చినా, ఏ పార్టీ తెచ్చినా, మన శాసనసభ్యులు దాన్ని తిరస్కరించాలి.