నీళ్లు ఉచితమైతే మురుగూ ఉచితమేనా?

హైదరాబాద్‌లో మురుగునీటి ఛార్జీ పెంచాలని ఎవరు అన్నా ముందుగా వినిపించే ఎదురుప్రశ్న ఒకటే: నల్లా నీళ్లకే దిక్కులేదు, మళ్లీ డ్రైనేజీకి డబ్బులేమిటి? ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ నీటికి చెల్లిస్తే మురుగుకూ చెల్లించినట్టేనన్న లెక్క దాని వెనుక ఉంది. ఆ లెక్కను జనానికి నేర్పింది నగరంలో నీటి సరఫరా, మురుగు రెండూ చూసే జలమండలి బిల్లే. నగరంలో మురుగుకు విడిగా ధర లేదు. నీటి ఛార్జీ ఎంతయితే దాని మీద 35 శాతం సీవరేజీ సెస్ పడుతుంది. నీటికి 300 రూపాయలైతే మురుగుకు 105. శుద్ధి ఖర్చు ఎంత పెరిగినా నీటి ధర కదలనంతకాలం మురుగు ధరా కదలదు. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలయ్యాక ఈ ముడి ఎంత లోపభూయిష్టమో తేలిపోయింది. సున్నా మీద 35 శాతం సున్నాయే. ఎన్నికల హామీ ఇచ్చింది మంచినీటి గురించి. మురుగు దాని వెంట కొట్టుకుపోయింది.

ఇంజినీర్లు మురుగు పైపులకు కొలతలు వేసేటప్పుడు, ఇంటికి చేరిన నీటిలో 80 శాతం మురుగుగా తిరిగివస్తుందని లెక్కగడతారు. అంటే ఆ ఉచితమైన 20 వేల లీటర్లలో సుమారు 16 వేల లీటర్లు మళ్లీ వీధి కిందికి చేరతాయి. అక్కడి నుంచి ఖర్చు కొత్తగా మొదలవుతుంది. పూడిక తీయాలి, పొంగిన మ్యాన్‌హోల్ దగ్గరికి జెట్టింగ్ యంత్రం పంపాలి, పల్లం నుంచి మిట్టకు పంపుచెయ్యాలి, శుద్ధి కేంద్రంలో బ్లోయర్లు రేయింబవళ్లు తిరగాలి, మిగిలిన బురదను ఎక్కడికో తరలించాలి. ఈ పనిలో మనిషి ప్రాణం లెక్క కూడా ఉంది. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనుషులను దింపడం 2013 చట్టం ప్రకారం నిషిద్ధం. మురుగు మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలకు పెంచుతూ సుప్రీంకోర్టు 2023లో తీర్పు ఇచ్చింది. 2017లో జలమండలి చిన్న గల్లీల్లోకి వెళ్లగలిగే 70 మినీ జెట్టింగ్ వాహనాలను దించింది. యంత్రం మనిషి స్థానంలోకి రావాలంటే డీజిలు, డ్రైవరు, మరమ్మతు అన్నీ కావాలి. పెళ్లి భోజనానికి ఎంతైనా పెట్టి, విస్తళ్లు ఎత్తేవాళ్ల కూలి దగ్గర బేరమాడినట్టుంది మన పద్ధతి.

కొత్త ప్లాంట్లు కట్టేశారు కదా అనేది మరో మాట. నిజమే, కట్టడం మనకు వచ్చు. 2021లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం నగరంలో, శివార్లలో కలిపి రోజుకు 1,950 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, అప్పటికున్న 25 మురుగు శుద్ధి కేంద్రాల (ఎస్టీపీల) సామర్థ్యం 772 మిలియన్ లీటర్లు. మిగతాదాన్ని చాలావరకు మూసీ, చెరువులు మోశాయి. ఆ లోటు పూడ్చడానికి 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త ఎస్టీపీలు, మరో 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యం తలపెట్టారు. కాగితం మీద రెండూ కలిపితే పుట్టే మురుగుకన్నా ఎక్కువే. అసలు పరీక్ష రిబ్బను కత్తిరించాక వస్తుంది. దేశం మొత్తం మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వేసిన లెక్క చూడండి: పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు, నిర్మించిన శుద్ధి సామర్థ్యం 31,841, నిజంగా శుద్ధి అయ్యేది 20 వేల పైచిలుకు. కట్టిన సామర్థ్యంలోనే మూడోవంతుకు పైగా ఉత్తినే ఉంది. కొన్నిచోట్ల మురుగు పైపు ప్లాంటు దాకా చేరలేదు, మరికొన్నిచోట్ల నడిపే స్థోమత లేదు. కట్టడానికి అప్పు పుడుతుంది, కేంద్రం గ్రాంటు ఇస్తుంది, శిలాఫలకం మీద పేరూ వస్తుంది. కరెంటు బిల్లుకు గ్రాంటు ఎవరిస్తారు? నెలనెలా వచ్చే ఖర్చుకు నెలనెలా వచ్చే ఆదాయమే ఆధారం. మురుగు ఛార్జీ పెంచాలనడానికి నాకు కనిపించే బలమైన కారణం ఇదే.

అయితే అభ్యంతరాలను కొట్టిపారేయలేం. ఆస్తి పన్నులో డ్రైనేజీ పేరుతో ఒక వాటా ఇప్పటికే ఉంది, మళ్లీ ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. పన్ను వెళ్లేది పురపాలక ఖజానాకు, మురుగు నడిపేది జలమండలి అని చెప్పి తప్పించుకుంటే కుదరదు. శివారు సర్కిళ్ల డ్రైనేజీ బాధ్యత కూడా 2021లో జలమండలికే మారింది కదా. ఆ వాటానైనా జలమండలికి బదిలీ చేయాలి, లేదా కొత్త ఛార్జీలో అంతమేరకు తగ్గించాలి. ఈ సవరణ జరగకుండా పెంచితే జనం అనే మాటకు జవాబుండదు. డబ్బు ఇస్తే అది మురుగుకే పోతుందని నమ్మకమేమిటన్న అనుమానం ఇంకా బరువైనది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జెఫర్సన్ కౌంటీ కథ ఇందుకు చాలు. నదిలోకి మురుగు వదలకుండా వ్యవస్థను బాగుచేస్తామని 1996లో కోర్టు సాక్షిగా ఒప్పుకుని, ఆ పని పేరిట 300 కోట్ల డాలర్లకు పైగా అప్పు చేసింది. వడ్డీల మీద జూదంలాంటి ఒప్పందాలు, కాంట్రాక్టర్ల లంచాలు కలిసి పనిని తినేశాయి. అధికారులు జైలుకు వెళ్లారు, మురుగు ఛార్జీలు కొన్ని రెట్లు పెరిగాయి, 2011లో కౌంటీ దివాలా ప్రకటించింది. ఛార్జీ పెంచడం, మురుగు బాగుపడడం రెండు వేరు వేరు విషయాలని ఇంతకన్నా నగ్నంగా చూపిన ఉదాహరణ నాకు తెలియదు. అందుకే ఆ డబ్బుకు విడి ఖాతా ఉండాలి, ఏటా ఆడిట్ బయటపెట్టాలి, ప్రతి ప్లాంటులో రోజూ ఎంత మురుగు వచ్చింది, ఎంత శుద్ధయింది అన్నది మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో ప్రకటించాలి.

పేదల మాట మరింత జాగ్రత్తగా చూడాలి. అందరికీ ఒకే రుసుము పెడితే అది బస్తీల మీదే ఎక్కువ బరువవుతుంది. బస్తీలకు, చిన్న ఇళ్లకు మినహాయింపు ఉండాల్సిందే. ఆ భారాన్ని పెద్ద ఇళ్లు, హోటళ్లు, ఆఫీసు సముదాయాలు మోయాలి. బోరు మీద, ట్యాంకర్ మీద నడిచే అపార్ట్‌మెంట్లను వదిలేయడం ఇప్పటి పద్ధతిలోని పెద్ద అన్యాయం. సెస్ నల్లా నీటికి ముడిపడి ఉంది కాబట్టి బోరునీరు వాడి అదే పైపులోకి వదిలే గేటెడ్ కమ్యూనిటీ తన మురుగుకు తగ్గట్టు చెల్లించదు. నల్లా నీళ్లు ఎక్కువగా వాడిన మధ్యతరగతి ఇల్లు మాత్రం సెస్ కడుతుంది. నీటి వాడకం బదులు ఇంటి విస్తీర్ణం, కనెక్షన్ల సంఖ్య ఆధారంగా మురుగు ఛార్జీ వేస్తే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. మీటరు లేని ఇళ్లకూ అది వర్తింపజేయవచ్చు. ఇది లోపం లేని కొలమానం కాదు. పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండే వృద్ధులకు మినహాయింపు ఆలోచించాల్సి వస్తుంది. అయినా సున్నాలో 35 శాతం కంటే మెరుగే.

పెంపును ఎలా మొదలుపెడతారన్నది కూడా ముఖ్యమే. ముందు ఒక ఏడాదిపాటు, డబ్బు అడగకుండా, ప్రతి బిల్లు మీద మురుగుకు అయిన నిజమైన ఖర్చు ముద్రించాలి. సున్నా బిల్లు అందుకునే ఇంటికి కూడా, ఈ నెల మీ మురుగుకు ఇంత ఖర్చయింది, ప్రభుత్వం ఇంత భరించింది అని రాయాలి. ఆ తర్వాత ఏటా కొంచెం చొప్పున, ముందే ప్రకటించిన క్యాలెండర్ ప్రకారం పెంచాలి. ఎన్నికలైన మరుసటి నెలలో ఒక్కసారిగా మోపే పెంపును ఎవరూ క్షమించరు. అంతకంటే ముందు జలమండలికి ఏళ్ల తరబడి పేరుకుపోయిన ప్రభుత్వ కార్యాలయాల బకాయిలను సర్కారు చెల్లించాలి. ఇంటి యజమాని దగ్గర గట్టిగా వసూలు చేసే హక్కు, తన బిల్లు తాను కట్టినవాడికే ఉంటుంది.