ఆటో పే పెట్టారు సరే.. ఎంతకు పెట్టారు?

యానాం నుంచి బదిలీపై వచ్చి లాస్‌పేటలో అద్దెకుంటున్న ఓ ఉద్యోగికి క్రెడిట్ కార్డు బిల్లు రూ.40,000 వచ్చిందనుకుందాం. ఆటో పే నమోదు చేసేటప్పుడు బ్యాంకు యాప్ అడుగుతుంది: మొత్తం బకాయా, కనీస మొత్తమా? ఖాతా ఒక్కసారిగా ఖాళీ అవుతుందన్న భయంతో రెండోది నొక్కాలనిపించడం సహజం.

లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది. కనీస మొత్తం 5 శాతం అనుకుంటే కట్టేది రూ.2,000. మిగిలిన రూ.38,000పై నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ రూ.1,330. దానిపై 18 శాతం జీఎస్టీ మరో రూ.239. అంటే కట్టిన రెండు వేలలో అప్పు తగ్గేది సుమారు రూ.430. పైగా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువూ పోతుంది. ఆలస్య రుసుము పడదన్నది నిజమే గానీ, అది చిన్న ఊరట. ఏటా 30 శాతానికి మించిన వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మొత్తం బకాయికి పెడితే చిక్కు వేరు. ఆ రోజు ఖాతాలో డబ్బుండాలి. లేదంటే బ్యాంకు ఒక రుసుము, కార్డు సంస్థ మరొకటి వేసే ప్రమాదముంది. ఈ-మ్యాండేట్‌ అయితే 24 గంటల ముందే సందేశం పంపాలన్నది ఆర్‌బీఐ నిబంధన. 2023 డిసెంబరులో కార్డు బిల్లులకు ఓటీపీ లేని పరిమితిని రూ.లక్షకు పెంచారు. కాబట్టి ఆ సందేశమే చివరి హెచ్చరిక. జీతం తేదీకి, బిల్లు తేదీకి పొంతన లేకపోతే, కనీసం ఒక్కసారైనా బిల్లింగ్ తేదీ మార్చుకునే వీలు కార్డుదారుకు ఇవ్వాలనీ ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది.