బళ్లారికి పంపలేరు.. శ్రీకాకుళానికి పంపొచ్చు! పామిడి నైటీలకు ఆన్‌లైన్‌లో సరిహద్దు చిక్కు

కమీషన్ సున్నా అంటున్నారు. షిప్పింగ్ రేట్లు తగ్గించామంటున్నారు. చిన్న వ్యాపారులూ రండి, మీకు జీఎస్టీ నంబర్ కూడా అక్కర్లేదంటున్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ అనంతపురం జిల్లా పామిడిలో నైటీ కుట్టే మనిషి ఈ మాటలు నమ్మి ఆన్‌లైన్‌లో షాపు తెరిస్తే మొదట తగిలే గోడ ఒకటుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే ఆ నైటీ 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న శ్రీకాకుళానికి వెళ్లొచ్చు. సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బళ్లారికి మాత్రం వెళ్లకూడదు. ఎందుకంటే మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది.

పెన్నా ఒడ్డున, 44వ నంబర్ జాతీయ రహదారి మీద ఉన్న పామిడి రెడీమేడ్ బట్టలకు పేరున్న ఊరు. ముఖ్యంగా నైటీలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా ఇది. వేరుశనగ నమ్ముకుంటే ఏ ఏడు చేతికొస్తుందో, ఏ ఏడు ఎండిపోతుందో తెలియదు. అలాంటిచోట కుట్టుమిషన్ అంటే వానతో పనిలేని ఆదాయం. అందుకే ఆన్‌లైన్ అమ్మకాల రూల్స్ ఇక్కడివాళ్లకు చాలా దగ్గరి విషయం.

అసలు రూల్ ఏం చెబుతోంది?

మామూలుగా ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు అమ్మేవాళ్ల టర్నోవర్ ఏడాదికి 40 లక్షల రూపాయలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు చాలాకాలం లేదు. వంద రూపాయల సరుకు అమ్మినా నంబర్ ఉండాల్సిందే. 2023 అక్టోబర్ 1 నుంచి దీన్ని సడలించారు. పాన్ వివరాలు, వ్యాపారం చేసే చిరునామా జీఎస్టీ పోర్టల్‌లో ఇస్తే ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వస్తుంది. దాంతో అమ్ముకోవచ్చు.

షరతు ఏంటంటే, అమ్మకం సొంత రాష్ట్రం దాటకూడదు. దాటనివ్వకుండా చూసే బాధ్యత మార్కెట్‌ప్లేస్‌దే. అంటే బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న కస్టమర్ ఆ నైటీని ఆర్డర్ చేయడానికి వీల్లేకుండా యాపే అడ్డుకోవాలి. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న వ్యాపారులకూ ఇదే కట్టుబాటు.

ఈ షరతు విశాఖలో ఉన్న సెల్లర్‌కు పెద్దగా నొప్పి తెలియనివ్వదు. పామిడి సంగతి వేరు. ఇటు గుంతకల్లు దాటితే కర్ణాటక. బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు, విజయవాడ కంటే చాలా దగ్గర. ఇక 2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ కూడా లెక్క ప్రకారం పొరుగు రాష్ట్రమే. అనంతపురం జిల్లా వాళ్లు చదువుకైనా, ఆస్పత్రికైనా, కూలికైనా ముందు చూసేది బెంగళూరు వైపే. సరుకుకు మాత్రం ఆ దారి మూసి, 800 కిలోమీటర్ల దారి తెరిచిపెట్టారు.

విచిత్రం ఏంటంటే, బళ్లారి నుంచి ఎవరైనా పామిడి వచ్చి, కౌంటర్ మీద డబ్బు కట్టి, పది నైటీలు సంచిలో వేసుకుని వెళ్తే ఈ చిక్కేమీ లేదు. అది పామిడిలో జరిగిన అమ్మకం కిందకే వస్తుంది. అదే మనిషి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెడితే అంతర్రాష్ట్ర అమ్మకం అయిపోతుంది.

వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి, స్పీడ్ పోస్టులోనో కొరియర్‌లోనో పంపేస్తే సరిపోతుంది కదా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ అడ్డుకునే యాప్ ఉండదు, నిజమే. చట్టం మాత్రం అదే. పన్ను వర్తించే సరుకును మరో రాష్ట్రానికి అమ్మితే, ఆన్‌లైన్ అయినా కాకపోయినా, రిజిస్ట్రేషన్ ఉండాలి.

కమీషన్ పోయింది.. ఖర్చు పోలేదు

మార్కెట్‌ప్లేస్‌ల మధ్య పోటీ వల్ల చిన్న ధరల సరుకుకు కమీషన్ దాదాపు మాయమైంది. మీషో 2021 నుంచే జీరో కమీషన్ అంటోంది. అమెజాన్ 2025 ఏప్రిల్ 7 నుంచి 300 రూపాయల లోపు వస్తువులపై రిఫరల్ ఫీజు ఎత్తేసింది. దేశమంతా పంపే పార్శిల్‌కు అంతకుముందు 77 రూపాయల నుంచి మొదలయ్యే షిప్పింగ్ రేటును 65 నుంచి మొదలయ్యేలా మార్చింది. ఫ్లిప్‌కార్ట్ 2025 నవంబర్‌లో వెయ్యి రూపాయల లోపు వస్తువులకు జీరో కమీషన్ ప్రకటించింది.

నైటీ లాంటి సరుకుకు అసలు ఖర్చు కమీషన్ కాదు, రవాణా. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 299 రూపాయల నైటీ. షిప్పింగ్ 65 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 76 రూపాయల 70 పైసలు. అమ్మిన ధరలో పావు వంతుకు పైగా దారిలోనే అయిపోయింది. వేరే ఫిక్స్‌డ్ ఫీజులు ఉంటే అవి అదనం. వెయ్యి రూపాయల చీరకు ఇదే షిప్పింగ్ పడితే ఎనిమిది శాతం కూడా కాదు. అంటే తక్కువ ధర సరుకు కుట్టే ఊరికే దెబ్బ ఎక్కువ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బరువు అంటే కాటా మీద చూపించే బరువు ఒక్కటే కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే వాల్యూమెట్రిక్ బరువు కూడా చూస్తారు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. కాటన్ నైటీ మహా అయితే 300 గ్రాములు ఉంటుంది అనుకుందాం. దాన్ని 30, 25, 5 సెంటీమీటర్ల కొలతతో ఉబ్బుగా ప్యాక్ చేస్తే లెక్కలో 750 గ్రాములు. అదే గాలి తీసి, అణిచి మడిచి 3 సెంటీమీటర్ల మందానికి తెస్తే 450 గ్రాములు. అరకిలో స్లాబ్‌లో ఉండటానికి, దాటిపోవడానికి తేడా రెండు సెంటీమీటర్లే. డజన్ల లెక్కన మూట కట్టి లారీకెత్తే అలవాటున్న చోట ఇది పూర్తిగా కొత్త పని.

టైమ్ కూడా లెక్కే. అమెజాన్ కొలమానాల్లో ఆలస్యంగా పంపిన ఆర్డర్లు 4 శాతం లోపు, సెల్లర్ వైపు నుంచి రద్దయినవి 2.5 శాతం లోపు ఉండాలి. నెలకు వెయ్యి ఆర్డర్లు ఉన్నవాళ్లకు నాలుగైదు తప్పినా ఏమీ కాదు. నెలకు 20 ఆర్డర్లు ఉన్న ఇంటి వ్యాపారంలో ఒక్కటి రద్దయితే అది 5 శాతం. పెళ్లికి వెళ్లి రెండు రోజులు పికప్‌కు సరుకు ఇవ్వకపోతే అకౌంట్ రికార్డే పాడవుతుంది. శాతాల్లో పెట్టిన రూల్ అందరికీ ఒకటే అనిపిస్తుంది గానీ, చిన్నవాళ్ల మీదే బరువు పడుతుంది.

రిటర్న్ వస్తే?

2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన తేదీకి చేరకపోయినా సెల్లర్ వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇది న్యాయమే. కానీ బట్టల్లో రిటర్న్‌కు పెద్ద కారణం సైజు. ఊరి షాపులో ‘ఫ్రీ సైజ్’ అంటే కొనేవాళ్లు ఒంటికి ఆనించి చూసుకుంటారు. ఫోన్‌లో ఆ వీలు లేదు. ఛాతీ ఎన్ని అంగుళాలు, పొడవు ఎంత, ఉతికితే ఎంత ముడుచుకుంటుంది అనేవి రాసి పెట్టాల్సిందే.

కుట్టుకూలి, కవర్, లేబుల్ అన్నీ పోను ముక్కకు 30 రూపాయలు మిగిలింది అనుకుందాం. రిటర్న్ అయిన పార్శిల్ ఖర్చు సెల్లర్ మీదే పడితే, ఒక్కటి వెనక్కి రాగానే రెండు ముక్కలకు పైగా లాభం పోయినట్టే. ఎవరి మీద ఎంత పడుతుందన్నది యాప్‌ను బట్టి, రిటర్న్ కారణాన్ని బట్టి మారుతుంది. ఆ టేబుల్ చదవకుండా ధర పెట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

మరి రిజిస్ట్రేషన్ తీసుకుంటే పోలా?

ఇక్కడే చాలామంది అంచనా తప్పుతోంది. జీఎస్టీ నంబర్ తీసుకుంటే పన్ను భారంతో మునిగిపోతామన్న భయం ఉంది. లెక్క వేస్తే అలా కనిపించదు.

అదే 299 రూపాయల నైటీ. 2500 రూపాయల లోపు దుస్తులకు ఇప్పుడు జీఎస్టీ 5 శాతం. 299లో కలిసి ఉన్న పన్ను 14 రూపాయల 24 పైసలు. బట్ట 120 రూపాయలు అనుకుంటే దానిపై కట్టిన 6 రూపాయలు, షిప్పింగ్‌పై కట్టిన 11 రూపాయల 70 పైసలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తాయి. మొత్తం 17 రూపాయల 70 పైసలు. అంటే కట్టాల్సినదానికంటే క్రెడిట్టే ఎక్కువ. జేబులోంచి పన్ను కట్టే పని లేదు. మార్కెట్‌ప్లేస్ పట్టుకునే టీసీఎస్ 2024 జులై 10 నుంచి ఒక శాతం నుంచి అర శాతానికి తగ్గింది. అది ఎలాగూ ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లోకి వచ్చి చేరుతుంది. ఆదాయపు పన్ను టీడీఎస్ కూడా 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతమే. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు, ఉన్నవాళ్లకు ఒక్కో ముక్క మీద మిగిలేదానిలో తేడా చివరికి రూపాయి కూడా ఉండదు.

ఒక నష్టం మాత్రం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన ఉదాహరణలో ముక్కకు 3 రూపాయల 46 పైసల క్రెడిట్ మిగిలిపోయింది. అది రీఫండ్ రాదు. అమ్మే సరుకుపై 5 శాతం, షిప్పింగ్ సేవపై 18 శాతం పన్ను ఉన్నా, సేవలపై కట్టిన పన్నుకు ఈ రకం రీఫండ్ వర్తించదు. 2021 సెప్టెంబర్ 13న సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను సమర్థించింది. వెయ్యి నైటీలు అమ్మితే 3,460 రూపాయలు పుస్తకంలో కనిపిస్తాయి, చేతికి రావు. ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మే ప్రతి చిన్న వ్యాపారికీ ఉన్న సమస్య ఇది. జీఎస్టీ రేట్లు మార్చినప్పుడు బట్టల ధరల గురించి జరిగినంత చర్చ దీనిపై జరగలేదు.

అసలు భారం కాగితాల్లో ఉంది. 5 కోట్ల టర్నోవర్ లోపు వాళ్లకు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే సౌకర్యం ఉన్నా, అమ్మకాలు ఏ రాష్ట్రానికి ఎన్ని వెళ్లాయి, ఎన్ని వెనక్కి వచ్చాయి అన్నది సరిచూసి చెప్పాలి. అకౌంటెంట్‌కు నెలనెలా ఇవ్వాలి. మర్చిపోతే లేటు ఫీజు రోజుకు 50 రూపాయలు, ఏమీ అమ్మకపోయినా 20. నెలకు 200 ఆర్డర్లు దాటినవాళ్లకు ఇది భరించదగ్గదే, బెంగళూరు మార్కెట్ దొరుకుతుంది కాబట్టి లాభం కూడా. 2025 నవంబర్ 1 నుంచి రిస్క్ తక్కువ ఉన్న చిన్న దరఖాస్తుదారులకు మూడు పనిదినాల్లోనే రిజిస్ట్రేషన్ ఇచ్చే విధానం వచ్చింది కాబట్టి మొదటి అడుగు తేలికైంది.

ఇంటి వరండాలో ఒక్క మిషన్ పెట్టుకుని నెలకు 20 ముక్కలు అమ్మే మహిళకు మాత్రం ఈ లెక్క కుదరదు. అందుకే జరిగేది ఒకటే. ఆమె కుట్టి, జీఎస్టీ నంబర్ ఉన్న వ్యాపారికి ఇస్తుంది. ఆయన పేరు మీద పార్శిల్ వెళ్తుంది. ఆమెకు కుట్టుకూలి మాత్రమే మిగులుతుంది. చిన్నవాళ్లను నేరుగా మార్కెట్‌కు కలపాలన్న 2023 సడలింపు ఉద్దేశం సరిహద్దు ఊళ్లలో ఇలా సగంలో ఆగిపోతోంది.

గోదాము దారి కూడా అంత సులువు కాదు. త్వరగా డెలివరీ కావాలని సరుకును బెంగళూరులోని మార్కెట్‌ప్లేస్ గోదాములో ముందే పెట్టాలంటే కర్ణాటకలో విడిగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. సొంత సరుకును సొంత పేరు మీదే పంపినా అది పన్ను లెక్కలోకి వచ్చే బదిలీయే. మూట విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు.

తలుపు తెరవడం కుదరని పనేం కాదు

చిన్నవాళ్లు రాష్ట్రం దాటి అమ్మితే పన్ను ఎగవేతకు దారి దొరుకుతుందన్నది ప్రభుత్వం వైపు వాదన కావచ్చు. కానీ చేతివృత్తుల వస్తువులకు ఇలాంటి మినహాయింపు ఇప్పటికే ఉంది. నోటిఫై చేసిన హస్తకళా వస్తువులను, టర్నోవర్ పరిమితి లోపు ఉన్నవాళ్లు పాన్, ఈ-వే బిల్లుతో రిజిస్ట్రేషన్ లేకుండానే పక్క రాష్ట్రానికి అమ్ముకోవచ్చు. మిషన్ మీద కుట్టిన నైటీ ఆ జాబితాలోకి రాదు. అదొక్కటే తేడా.

పైగా నిఘా విషయంలో మార్కెట్‌ప్లేస్ అమ్మకం కంటే కనిపించే అమ్మకం ఇంకోటి లేదు. ఎన్‌రోల్‌మెంట్ నంబర్ మీద జరిగిన ప్రతి అమ్మకం వివరాలను ఆపరేటర్ తన నెలవారీ జీఎస్టీ స్టేట్‌మెంట్‌లో ఇవ్వాల్సిందే. పాన్ నంబర్ ఉంది, పిన్‌కోడ్ ఉంది, డబ్బు వచ్చిన బ్యాంకు ఖాతా ఉంది. 40 లక్షలు దాటితే వెంటనే తెలిసిపోతుంది. ఇన్ని వివరాలు చేతిలో పెట్టుకుని, బళ్లారి పిన్‌కోడ్‌ను మూసి ఉంచడానికి గట్టి కారణం కనిపించదు.

ఈ మార్పు యాప్‌లు ఇచ్చే ఆఫర్లతో వచ్చేది కాదు. జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించాలి. అందులో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తెలంగాణ మూడింటికీ ఓటుంది. రాయదుర్గం జీన్స్‌కు, బళ్లారి జీన్స్‌కు కూడా ఇదే సరిహద్దు అడ్డం ఉంది కాబట్టి ఇది ఒక్క పామిడి గొడవో, ఒక్క రాష్ట్రం గొడవో కాదు. అప్పటిదాకా రిజిస్ట్రేషన్ లేని పామిడి సెల్లర్ యాప్‌లో బెంగళూరు, హైదరాబాద్ పిన్‌కోడ్‌లు మూసే ఉంటాయి.