తీరిక వేళ: ఫోటోలోని పాత మేడ

పెన్సిలు గీతల గురించీ, నీటి రంగుల గురించీ గత సంచికలలో ముచ్చటించుకున్నాము. పాత కట్టడాన్ని ఫోటో చూసి అక్రిలిక్ రంగులలో చిత్రించడం ఎలాగో తెలుపవలసిందని కొందరు పాఠకులు కోరియున్నారు. ఈ పనిలో మేమే ఒకసారి బోల్తాపడి లేచినాము గనుక ఆ ఉదంతమే చెప్పడం మేలని తోచింది.

2024లో మన అకౌంట్స్ విభాగం నుండి ఒక సీనియర్ అధికారిణి పదవీ విరమణ చేశారు. ఆమె 1981 నుండి 1984 వరకు హైదరాబాదులోని కోఠి మహిళా కళాశాలలో డిగ్రీ చదివారు. వీడ్కోలు కానుకగా ఆ కళాశాల మేడను చిత్రించి ఇమ్మని విభాగంవారు క్లబ్బు చిత్రకళా బృందంలోని మా ముగ్గురిని అడిగారు. ఆధారంగా లభించినది ఒకే ఒక్క ఫోటో. 1983లో తీసినది, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు. మెట్ల మీద ఐదుగురు అమ్మాయిలు, వారి వెనుక ఆరు మహాస్తంభాలు.

కోఠి మీదుగా వెళ్ళినవారు మన పాఠకులలో ఎందరో ఉందురు గాని, ఆవరణలోకి వెళ్ళి ఆ మేడను తీరికగా చూసినవారు తక్కువ. నిజాం దర్బారులో 1798 నుండి 1805 వరకు ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దీనిని తలపెట్టాడు. 1803లో పని మొదలయింది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ముఖభాగం ఉత్తర దిశకు ఉంటుంది. కొరింథియన్ శైలి స్తంభాలు ఆరు, వాటిపైన త్రికోణాకారపు నుదురు, క్రింద ఇరవైకి పైబడిన వెడల్పాటి మెట్లు, ఇరుప్రక్కల రెండు సింహాలు. కిర్క్‌పాట్రిక్ సతీమణి ఖైరున్నీసా బేగం ఘోషా పాటించేది. మేడ ముందువైపుకు రాలేని ఆమె కోసం అంతఃపురపు తోటలో ఆ మేడకే ఒక చిన్న నమూనాను కట్టించాడని చెబుతారు. ఆ నమూనా నేటికీ ఉన్నది. అసలు మేడను చూడలేనివారికి ప్రతిరూపం చేసి ఇవ్వడం ఆ ఆవరణకు కొత్త కాదన్నమాట! 1924లో ఏర్పడిన మహిళా కళాశాల 1949లో ఈ భవనంలోకి వచ్చింది, 2022లో విశ్వవిద్యాలయమయింది.

ఇక పని విషయం. ఫోటో మీద గీతలు గీయరాదు, అది ఒకరి ఆస్తి. జిరాక్సు తీయించి దానిమీద అరంగుళం గళ్ళు గీశాము. కాన్వాసు 24 అంగుళాలు, 16 అంగుళాలు. దానిమీద రెండంగుళాల గళ్ళు. అక్కడా తొంభైయారు, ఇక్కడా తొంభైయారు. ఏ గడిలోనిది ఆ గడిలో దించితే బొమ్మ నాలుగింతలవుతుంది. ఇంతవరకు చిన్నపిల్లలు కూడా చేయగలరు. చిక్కు ఆ తరువాతనే.

మెట్ల దిగువన నిలబడి, కెమెరాను పైకెత్తి తీసిన ఫోటో అది. అందువలన స్తంభాలన్నీ పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలినట్లు కనిపిస్తాయి. గళ్ళను నమ్ముకొని దించితే మేడ వెనక్కు పడిపోతున్నట్లు వస్తుంది. మాకూ అలాగే వచ్చింది. దారానికి గుండు కట్టి కాన్వాసు ముందు వేలాడదీసి, ఒక్కొక్క స్తంభపు నడిమి గీతను నిట్టనిలువుగా దిద్దుకున్నాము. అయితే ఇక్కడొక మెలకువ అవసరం. స్తంభం పైకి పోయేకొద్దీ కొంత సన్నబడడం కట్టినవాడు కావాలని చేసినది. స్తంభాలు వాలడం కెమెరా చేసినది. రెండవదానిని సరిదిద్దబోయి మొదటిదానిని కూడా చెరిపివేస్తే స్తంభాలు సిమెంటు గొట్టాల వలె తయారవుతాయి.

రంగుల విషయంలోనూ ఫోటో నమ్మదగిన సాక్షి కాదు. ఆనాటి కలర్ ప్రింట్లలో తరచుగా నీలిఛాయ ముందుగా వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. సున్నపు గచ్చు గోడలు మా ఫోటోలో గులాబీ రంగులో ఉన్నాయి! పైగా ముఖభాగం ఉత్తరానికి ఉండడం వలన చలికాలపు మధ్యాహ్నం దానిమీద నేరుగా ఎండ పడదు. వెనుక ఆకాశం వెలిగిపోతుంటే కెమెరా ఆకాశాన్ని పట్టుకొని మేడను చీకటి చేసింది. స్తంభాల వెనుక వరండా పూర్తిగా నలుపు. నిజానికి అక్కడ అంత చీకటి ఉండదు. మెట్ల మీదను, నేలమీదను పడిన వెలుగు ఎగసి వరండా పైకప్పును తాకుతుంది. కాబట్టి నల్ల రంగు గొట్టం మూత తీయనేలేదు. అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా కలిపి నీడ తయారు చేసి, పైకప్పు దగ్గర కాస్త ఎల్లో ఆకర్ తగిలించాము. స్తంభాల తలలపై చెక్కిన ఆకులు ఫోటోలో అలుక్కుపోయాయి. రాజా దీన్ దయాళ్ పందొమ్మిదవ శతాబ్దం చివరి రోజులలో తీసిన ఈ మేడ ఛాయాచిత్రపు ప్రతి ఒకటి మాకు దొరికింది. నలుపు తెలుపులలోనే అయినా, నూరేళ్ళ నాటి ఆ చిత్రంలో ఆకులు కనిపించినంత స్పష్టంగా మా 1983 నాటి ఫోటోలో లేవు.

అక్రిలిక్ అనగా రంగుపొడిని ప్లాస్టిక్ జాతికి చెందిన ఒక జిగురులో కలిపినది. తడిగా ఉన్నప్పుడు ఆ జిగురు పాలవలె ఉంటుంది, ఆరిన తరువాత గాజువలె తేటపడుతుంది. అందుచేత ప్లేటులో చూసిన రంగు కంటె ఆరిన రంగు ఒక పిసరు ముదురుగా ఉంటుంది. అట్టముక్క మీద పూసి ఆరబెట్టి చూసుకోకుండా గోడకు రంగు నిర్ణయించరాదు. మన ఎండాకాలంలో ఫ్యాను క్రింద కూర్చుంటే కుంచె ఎత్తి దించేలోగా రంగు ఆరిపోతుంది. ప్లేటులో తడిగుడ్డ పరచి, దానిమీద ట్రేసింగ్ పేపరు వేసి, ఆ పేపరు మీద రంగులు పెట్టుకుంటే గంటల తరబడి పచ్చిగా ఉంటాయి. ఈ చిట్కా తెలియక మొదటి రోజున ఒక మంచి కుంచెను పుల్లగా మార్చుకున్నాము.

పదిహేను రోజులలో చిత్రం పూర్తయింది. వాలు పోయింది, గులాబీ పోయింది, చీకటి పోయింది. ఫోటోలోని మరకలు, పగుళ్ళు, త్రికోణపు అంచున మొలిచిన రావి మొక్క, ఇవన్నీ కానుకకు శోభస్కరం కాదని మేమే తీసివేశాము. అమ్మాయిల ముఖాలు ఆవగింజలంత ఉన్నాయి, పోలికలు రావని వారినీ వదిలివేశాము. సభకు వారం రోజుల ముందు, కొలతలు సరిగా ఉన్నవో లేవో చూడమన్న నెపంతో ఆమెకు చూపించాము.

"చాలా శ్రమపడ్డారు బాబూ, ఎంతో బాగుంది. మరమ్మతులు పూర్తయ్యాక మా మనవరాలిని తీసుకొని వెళ్ళి చూశాను. అచ్చం ఇలాగే ఉంది" అన్నారు. అని, బల్లమీది ఫోటోను పర్సులో పెట్టుకోబోయి, మరొకసారి చూసుకొని, మెల్లగా లోపల పెట్టుకున్నారు.

ఆమె తప్పు పట్టలేదు. కాని మాకు తెలిసిపోయింది. ఆ భవనం చాలా ఏళ్ళు శిథిలావస్థలో ఉండి, ఇటీవలి సంవత్సరాలలో ప్రపంచ స్మారకాల నిధి సహకారంతో పునరుద్ధరణ పొందింది. అది సంతోషించవలసిన విషయమే. అయితే మేము చిత్రించినది ఆ కొత్త మేడను. అది ఇప్పుడు ఎవరు వెళ్ళినా కనిపిస్తుంది. ఆమె చదివిన మేడ ఆ ఫోటోలో తప్ప మరెక్కడా లేదు, దానిని మేము శుభ్రంగా తుడిచివేశాము.

అక్రిలిక్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే, ఆరిన పొర నీటికి కరగదు. దానిపైన ఎన్ని పొరలైనా వేయవచ్చు. ఫోటోను మళ్ళీ అడిగి తెచ్చుకొని నాలుగు సాయంత్రాలు కూర్చున్నాము. మా ముగ్గురిలో ఒకరు సివిల్ మెయింటెనెన్సులో పనిచేస్తారు. క్వార్టర్ల గోడలు కారుతున్నవన్న ఫిర్యాదులతో ఆయన సర్వీసంతా గడిచింది! మేము మరకలను అక్కడక్కడ అందంగా చల్లబోతే ఆయన చేయి పట్టుకొని ఆపారు. "వాన ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండా మరక వేయకండి. గోడ నెత్తిన ఉన్న కార్నిస్ పని నీటిని గోడకు తగలకుండా దూరంగా జార్చడం. అది ఎక్కడ విరిగిందో అక్కడినుంచే చార మొదలవ్వాలి. మొదట సన్నగా, ముదురుగా. దిగేకొద్దీ వెడల్పుగా, లేతగా. క్రిందినుంచి ఎక్కే చెమ్మ వేరు, దానికి చారలుండవు, మోకాలెత్తున మబ్బులా ఉంటుంది" అన్నారు. ఫోటోను భూతద్దంతో చూస్తే ఆయన చెప్పినట్లే ఉన్నది. అంతవరకు మేము చూసినది మచ్చలను. ఆయన చూసినది నీటిని.

రా అంబర్‌ను మీడియంతో పలుచన చేసి, విరుగుడు దగ్గర కుంచె ఆనించి క్రిందికి లాగి, ఆరకముందే తడిగుడ్డతో అంచులు అద్దాము. మీడియం లేకుండా నీళ్ళే మరీ ఎక్కువ పోస్తే పొరకు పట్టు ఉండదని గుర్తుంచుకోవాలి. పగుళ్ళను గీతలుగా గీయక, ముందు నీడ వేసి ప్రక్కన సన్నని వెలుగు అంచు తీశాము. రావి మొక్కకు మూడు ఆకులు చాలినవి. శుద్ధమైన టైటానియం వైట్‌ను చివరిదాకా దాచుకొని, ప్రక్కనుండి వెలుగు సోకే రెండు స్తంభాల అంచున మాత్రమే పెట్టాము. అప్పటిదాకా బూడిద రంగులా ఉన్న మేడ ఒక్కసారిగా తెల్లని మేడ అయింది. అమ్మాయిలను కూడా తిరిగి తెచ్చాము. ముఖాలు లేవు, ఐదు రంగుల ఓణీలు, ఐదు జడలు. వారు వచ్చిన తరువాతనే ఆ మెట్లు ఎంత పెద్దవో తెలిసింది.

సభనాడు కాగితం విప్పి ఆమె ముందుగా చూసినది స్తంభాలను కాదు. "అయ్యో, రావి మొక్కను కూడా వేశారే! రోజూ అదెప్పుడు పీకుతారా అని చూసేవాళ్ళం" అన్నారు. తరువాత ఎడమనుండి రెండవ ఓణీ మీద వేలు పెట్టి, ప్రక్కనున్న మనవరాలికి ఏదో చెప్పారు. మాకు వినిపించలేదు.

చిత్రం పూర్తిగా ఆరకముందే వార్నిషు వేయకండి. మేము రెండు వారాలు ఆగి, ఆమె ఇంటికే వెళ్ళి వేసి వచ్చాము. తమ ఊరి బడినో, తాతగారి ఇంటినో చిత్రించదలచినవారు ఫోటో జిరాక్సుతో క్లబ్బు గదికి రావలసిందిగా మనవి. సివిల్ మెయింటెనెన్సు మిత్రుడు కూడా అక్కడే ఉంటారు.