గర్భిణి మత్తు మానేవేళ ఇంటివారు చేస్తున్నదేమిటి?

మద్యం నిషిద్ధమన్న సంగతి ముస్లిం ఇంట పుట్టిన పసివాడికి కూడా తెలుసు. కాని నిషిద్ధమని తెలిసీ ఆ అలవాటు ఇంట్లోకి జొరబడితే, అందులోనూ ఆడపిల్లకు అంటుకుంటే, ఆ పిల్ల నెల తప్పితే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మన ఇళ్లలో దొరికే జవాబు ఒక్కటే: “నలుగురికీ తెలియనివ్వకండి.”

నర్సింహులపేట, దంతాలపల్లి, మరిపెడ వైపు పల్లెలను ఎరిగినవారికి ఇదేమీ వింత కాదు. 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆపైన మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చిన ఊళ్లివి. ఇక్కడి ముస్లిం కుటుంబాలు ఊరందరితో కలిసే బతుకుతాయి. నాట్లకు, కలుపుకు, పత్తి ఏరడానికి కలిసి వెళ్లిన ఆడవాళ్లు పొద్దుగూకాక ఒళ్లు నొప్పులకని కల్లు పంచుకోవడం తెలంగాణ పల్లెల్లో తప్పుగా చూడరు. చలువ చేస్తుందంటారు. గుడుంబా సంగతి సరేసరి. నల్లబెల్లం, పటిక పేర్లు చెబితే ఈ ప్రాంతంలో పిల్లలకు కూడా అర్థమవుతుంది.

చెట్టు నుంచి దించిన కల్లు ఒక ఎత్తు, దుకాణంలో తయారయ్యే కల్తీ కల్లు మరొక ఎత్తు. ఇందులో కలిపేవి డైజోఫామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు. రోజూ తాగే మనిషి తనకు తెలియకుండానే నిద్రమాత్రలకు బానిస అవుతాడు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏమైందో గుర్తు తెచ్చుకోండి. కల్లు దొరకక జనం వణికిపోయారు, ఫిట్స్ వచ్చి పడిపోయారు, పిచ్చివాళ్లలా ప్రవర్తించారు, ఆసుపత్రులకు వరుస కట్టారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలనే తీసింది.

ఇప్పుడు ఆ వణుకుతున్న మనిషి స్థానంలో నాలుగో నెల గర్భిణిని ఊహించుకోండి. సంగతి తెలిసిన అత్తగారు ఆమెను గదిలో పెట్టి గడియ వేస్తుంది. “నాలుగు రోజులు ఓర్చుకో, అదే పోతుంది” అంటుంది. ఆమె ఉద్దేశం మంచిదే కావచ్చు, పని మాత్రం ప్రమాదకరం. ఈ మందులకు, మద్యానికి బాగా అలవాటు పడిన శరీరం హఠాత్తుగా ఆపితే ఎదురు తిరుగుతుంది. మద్యమైతే తొలి రోజే వణుకు, చెమటలు మొదలై ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మనుషులను గుర్తుపట్టని స్థితి రావచ్చు. తల్లికి ఫిట్స్ వస్తే కడుపులోని బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది.

అలాగని తాగుతూ ఉండమనా? కాదు. గర్భిణికి ఇంత వరకు ఫరవాలేదనే మోతాదు మద్యంలో ఏదీ లేదు. తల్లి తాగుడు వల్ల బిడ్డ ముఖంలోనూ ఎదుగుదలలోనూ బుద్ధిలోనూ కలిగే లోపాలకు 1973లోనే అమెరికా వైద్యులు ఒక పేరు పెట్టి లోకానికి చెప్పారు. మానాలి, వెంటనే మానాలి, కాని ఆసుపత్రిలో మానాలి. రోజూ తాగే గర్భిణిని చేర్చుకుని వైద్యుల కళ్లెదుట మాన్పించాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. నిద్రమందుల బానిసత్వమైతే వైద్యుడు మాత్ర ఇచ్చి, దాని మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తాడు. దీనికి వారాలు పడుతుంది.

“మత్తు మానడానికి మళ్లీ మత్తు మాత్రా?” అని ముఖం చిట్లించే పెద్దలున్నారు. వారికి తెలిసిన విషయాన్నే గుర్తు చేస్తాను. దివ్య ఖుర్ఆన్‌లో మద్య నిషేధం ఒక్క రోజున రాలేదు. మొదట దాని హాని ఎక్కువన్న హెచ్చరిక, తరువాత మత్తులో నమాజుకు రావద్దన్న ఆంక్ష, చివరకు పూర్తి నిషేధం. దీన్ని సాకు చేసుకుని “నేనూ మెల్లగా మానేస్తాలే” అనే మగమహారాజులకు ఇందులో చోటు లేదు, నిషేధం ఏనాడో సంపూర్ణమయింది. నేను మాట్లాడుతున్నది వైద్యుడు చేతికిచ్చే మాత్ర గురించి. అది చికిత్స.

మరో దురలవాటు ఉంది. తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడిని, మాత్రను కూరలో కలిపి తెలియకుండా తినిపించడం. ఇలా వాడే డైసల్ఫిరామ్ అనే మాత్ర గర్భిణికి పనికిరాదు. తెలియక మద్యం పుచ్చుకుంటే ఆ రెండూ కలిసి ప్రాణం మీదికి తెస్తాయి. ఇది ఎవరికి పెట్టినా మోసమే, నా దృష్టిలో నేరం కూడా.

పొగాకు సంగతి వేరు. జర్దా పాన్, గుట్కా, పళ్లకు రుద్దుకునే గుల్ మన ఇళ్లలో అత్తాకోడళ్లు ఒకే డబ్బీ నుంచి పంచుకోవడం కద్దు. దీన్ని మత్తుగా ఎవరూ లెక్కించరు. కాని బిడ్డ బరువు తగ్గిపోవడానికి, కడుపులోనే చనిపోవడానికి కూడా ఇది కారణమవుతుంది. పొగాకును ఈ రోజే వదిలేయవచ్చు. చిరాకు, తలనొప్పి తప్ప మానినందువల్ల ప్రమాదమేమీ రాదు. అత్తగారు కూడా ఆ డబ్బీ మానేస్తే కోడలికి సగం కష్టం తగ్గుతుంది.

మానుతున్న గర్భిణికి తిండి కూడా మందే. తాగుడు వల్ల బి1 విటమిన్ తరిగిపోతుంది, రక్తం తగ్గుతుంది. రమజాన్ నెల వస్తే ఉపవాసాల విషయంలో గర్భిణికి ధర్మం ఇచ్చిన వెసులుబాటును మనం లాక్కోకూడదు. మాత్రల వేళ తప్పితే మొదటికే మోసం.

అన్నిటికంటే కష్టమైనది నోరు విప్పడం. పరీక్షకు వెళ్లిన పిల్ల పక్కన అత్త, భర్త నిలబడి ఉంటే నర్సు అడిగినా ఏం చెబుతుంది? ఆమెను ఒక్కతెనే మాట్లాడనివ్వండి. ఆశా కార్యకర్తతోనైనా సరే. మహబూబాబాద్‌లో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, వరంగల్‌లో ఎంజీఎం ఉంది. ఊరి కళ్లలో పడకుండా మాట్లాడాలంటే మత్తు అలవాట్లకు 14446, మనసు బాధలకు 14416 ఉచిత ఫోన్లున్నాయి.

కాన్పు నాడు కూడా ఈ సంగతి దాచకండి. అలాంటి బిడ్డ కొన్ని రోజులపాటు వణకవచ్చు, కీచుగా ఏడవవచ్చు, పాలు పట్టక ఒళ్లు వేలాడేయవచ్చు. తల్లి ఏం వాడిందో తెలిసిన వైద్యుడు దాన్ని గుర్తుపట్టి, బిడ్డను నాలుగు రోజులు ఎక్కువ ఉంచుకుని చూస్తాడు, తల్లిపాలు ఎప్పుడు పట్టాలో చెబుతాడు. తెలియని వైద్యుడు అదేదో జబ్బనుకుని వెతుకుతూ కూర్చుంటాడు.