తీర్పు చెప్పేవారి పదవి ప్రతివాది చేతిలో ఉండరాదు
ట్రైబ్యునళ్ల స్వతంత్రత కోసం ఉద్యమ ప్రణాళిక

పదోన్నతి దక్కని రైల్వే ఉద్యోగి, పింఛను ఆగిపోయిన పోస్ట్‌మ్యాన్, అన్యాయంగా బదిలీ అయిన అధికారి కేంద్ర పరిపాలన ట్రైబ్యునల్ (క్యాట్) హైదరాబాద్ బెంచిని ఆశ్రయిస్తారు. అక్కడ వేసే మూల దరఖాస్తు (ఓఏ) మొదటి పేజీలో ప్రతివాదుల వరుస భారత ప్రభుత్వంతోనే మొదలవుతుంది. కౌంటరు వేసేదీ, దానికి గడువు అడిగేదీ ప్రభుత్వ న్యాయవాదే. బెంచి మీద కూర్చున్న సభ్యుల నియామకపు ఫైలు, పునర్నియామకపు ఫైలు కూడా ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. క్యాట్ పరిపాలన చూసే కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ తానే ఎన్నో సర్వీసు కేసుల్లో ప్రతివాది.

ఇది మారాలని న్యాయవాదులం, ఉద్యోగులం, పింఛనుదారులం కలిసి ఈ ఉద్యమాన్ని ప్రారంభిస్తున్నాం. సభ్యుల నిజాయతీని మేం శంకించడం లేదు. ఎంత నిజాయతీపరులనైనా ఇలాంటి ఇరకాటంలో పెట్టకూడదన్నదే మా వాదన.

తెలుగునేలకు ఈ పోరు కొత్త కాదు. 371డి అధికరణం కింద 1976లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పరిపాలన ట్రైబ్యునల్ తీర్పులను మార్చే, రద్దుచేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికే ఉండేది. ఓడిన కక్షిదారే తీర్పును పక్కన పెట్టగలిగే ఆ నిబంధనను 1986లో పి. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పును రద్దుచేసే అధికారం అలా పోయింది. తీర్పరి పదవిని పొడిగించే, ఆపే అధికారం మాత్రం మిగిలింది.

ట్రైబ్యునళ్ల సభ్యులకు ఐదేళ్ల పదవీకాలం ఉండాలని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం నాలుగేళ్లంటూ ఆర్డినెన్సు తెచ్చింది. 2021 జూలైలో కోర్టు దాన్ని కొట్టేసింది. ఆగస్టులో అదే నిబంధన ట్రైబ్యునళ్ల సంస్కరణల చట్టంగా తిరిగొచ్చింది. 50 ఏళ్లు నిండనివారికి అర్హత లేదని కూడా ఆ చట్టం అంది. 2025 నవంబరు 19న సుప్రీంకోర్టు ఈ నిబంధనలను కొట్టేసి, నాలుగు నెలల్లో జాతీయ ట్రైబ్యునళ్ల కమిషన్ ఏర్పాటు చేయాలని ఆదేశించింది.

కోర్టు కొట్టేసిన ఆ నాలుగేళ్ల పదవి అంటే ఏమిటో చూడండి. 50వ ఏట ప్రాక్టీసు వదిలి వచ్చిన న్యాయవాదికి 54వ ఏట పదవి ముగుస్తుంది. అప్పటికి పాత క్లయింట్లు వేరే వకీళ్లను చూసుకుని ఉంటారు. అదే కుర్చీ మళ్లీ దక్కాలంటే ప్రభుత్వం ఒప్పుకోవాలి. చివరి ఏడాది ప్రభుత్వం మీద కోట్ల రూపాయల భారం మోపే తీర్పు రాయాల్సి వస్తే, ఆ సభ్యుడి మీద ఎంత ఒత్తిడి ఉంటుంది? ఒత్తిడికి లొంగకపోయినా, ఓడిన ఉద్యోగికి అనుమానం మిగులుతుంది. ప్రాక్టీసు బాగున్నవాళ్లు ఇలాంటి పదవికి దరఖాస్తే చేయరు. ఫైలు కదలకపోతే బెంచి ఖాళీ అవుతుంది, వాయిదాలు పేరుకుపోతాయి.

అందుకే మా డిమాండ్లు ఇవి:

1. పదవీకాలం ఐదేళ్లకు తగ్గరాదు. పదవిలో ఉన్నవారి కాలాన్ని మధ్యలో కుదించరాదు.

2. పునర్నియామకాన్ని న్యాయమూర్తుల ఆధిక్యం ఉన్న సంఘం నిర్ణయించాలి. తీర్పుల నాణ్యత, కేసులు తేల్చే తీరు, ప్రవర్తన మాత్రమే కొలమానాలు కావాలి. ఎన్ని కేసుల్లో ప్రభుత్వం ఓడిందన్నది లెక్కలోకి రాకూడదు.

3. పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే నిర్ణయం వెలువడాలి. నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

4. ట్రైబ్యునళ్ల పరిపాలన, నిధులు కక్షిదారులైన శాఖల నుంచి కమిషన్‌కు మారాలి. పూర్తి స్వతంత్ర సంస్థ ఆలోచనను 1997లోనే ఎల్. చంద్రకుమార్ తీర్పు ముందుకు తెచ్చింది. కమిషన్ పేరుకు ఉంటే చాలదు. దాని సభ్యుల ఎంపికలోనూ ప్రభుత్వానిది పైచేయి కారాదు.

5. పదవి దిగిన సభ్యులు రెండేళ్లపాటు ప్రభుత్వం ఇచ్చే ఏ పదవీ తీసుకోరాదు. స్వతంత్రత కోరేవారు ఈ కట్టుబాటుకూ సిద్ధపడాలి.

ప్రతి బెంచిలో ఖాళీలెన్నో, ఎవరి పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో సమాచార హక్కు చట్టం కింద సేకరించి ప్రకటిస్తాం. బార్ అసోసియేషన్లలో, ఉద్యోగ సంఘాల్లో తీర్మానాలు చేయిస్తాం. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలకు ఈ ప్రణాళిక అందజేసి, పార్లమెంటులో ప్రశ్న వేయమని అడుగుతాం.

ప్రభుత్వం మీద కేసు వేసే అవసరం రేపు ఎవరికైనా రావచ్చు. ఆ రోజు బెంచి మీద భయం లేని తీర్పరి ఉండాలంటే ఈరోజే మాతో కలిసి రండి. మీ సంఘంలో ఈ ప్రణాళికను చదివి వినిపించండి, తీర్మానం చేయించండి.