ఎన్‌డీఏ దారి ఐదో తరగతిలోనే మొదలవుతుంది

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ నుంచి 2025 మే నెలాఖరులో తొలిసారిగా 17 మంది అమ్మాయిలు శిక్షణ ముగించుకుని బయటికొచ్చారు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమ్మాయిలు ఎన్‌డీఏ పరీక్ష రాసే వీలు కలిగింది. ఆ ఏడాది నవంబరులోనే వాళ్లు తొలిసారి రాశారు. అప్పటినుంచి మన బడుల్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న మారింది. ఒకప్పుడు ‘మిలిటరీలో చేరడం ఎలా?’ అని అడిగేవారు. ఇప్పుడు ‘తెలుగు మీడియం పిల్లలు ఆఫీసరు కావచ్చా? మా అమ్మాయి రాయొచ్చా?’ అంటున్నారు.

రెండింటికీ జవాబు ‘అవును’. ఏ మీడియంలో చదివావని అర్హత నియమాలు అడగవు. మతం, కులం, పుట్టిన రాష్ట్రం ఏదైనా దరఖాస్తుకు అడ్డు కాదు. అయినా సోలాపూర్, బళ్లారి, హోసూరు, బరంపురం, యానాం పిల్లల్లో ఎక్కువమంది ఆ పరీక్ష హాలు దాకా వెళ్లడం లేదు. కారణాలు కొన్ని నియమాల్లో ఉన్నాయి, కొన్ని మన చేతుల్లో ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే ఎక్కడ అడగాలో, ఎక్కడ సరిదిద్దుకోవాలో తెలుస్తుంది.

నియమాలు ఏమంటున్నాయి

ఎన్‌డీఏ, నావల్ అకాడమీ ప్రవేశాలకు యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. కోర్సు మొదలయ్యేనాటికి వయసు పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి. పెళ్లి అయి ఉండకూడదు. పన్నెండో తరగతి పాసై ఉండాలి, లేదా అది చదువుతూ ఉండాలి. పదకొండులో ఉన్నవారికి అవకాశం లేదు. అంటే చేతిలో ఉండేది సుమారు మూడేళ్లు. ఇంటర్ అయ్యాక ‘చూద్దాంలే’ అనుకుంటే అందులో సగం జారిపోతుంది.

రాత పరీక్ష 900 మార్కులకు. గణితం 300, జనరల్ ఎబిలిటీ 600. ఈ ఆరు వందల్లో ఇంగ్లిషుకు 200, సైన్సు, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలకు 400. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ఆ తర్వాత ఐదు రోజుల పాటు జరిగే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఎంపికకు మరో 900. ఈ నియామకాల్లో కుల రిజర్వేషన్లు లేవు. దరఖాస్తు రుసుము మాత్రం ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, అమ్మాయిలందరికీ లేదు.

శరీర ప్రమాణాల్లో అబ్బాయిలకు కనీస ఎత్తు 157 సెంటీమీటర్లు, అమ్మాయిలకు 152. పైలట్ కావాలంటే ఇంకా ఎక్కువ ఉండాలి. రంగులు గుర్తించడంలో లోపం, చదును పాదాలు, నిలబడితే మోకాళ్లు ఒరుసుకోవడం వంటివి వైద్య పరీక్షలో ఎంతోమందిని వెనక్కి పంపుతున్నాయి. పచ్చబొట్టుకూ హద్దు ఉంది. మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనుక వైపు మాత్రమే అనుమతి. గిరిజన సంప్రదాయాలకు సడలింపు ఉంది. జాతరలో సరదాగా భుజం మీద వేయించుకున్న పేరు ఒక ఉద్యోగాన్ని దూరం చేయగలదని పిల్లలకు ముందే చెప్పాలి.

గ్రూపు దగ్గర మొదటి పొరపాటు

సైన్యం విభాగానికి పన్నెండులో ఏ గ్రూపైనా సరే. వైమానిక, నౌకా విభాగాలకు భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు గణితం చదివి ఉండాలి. ఈ వాక్యంలో మొదటి సగం మాత్రమే విని, కామర్స్‌లో చేరినా పరవాలేదని చాలామంది ధీమాగా ఉంటారు. కాగితం మీద అది నిజమే. కానీ 300 మార్కుల గణితం పేపరు అందరికీ ఒకటే. పదితో లెక్కలు వదిలేసిన పిల్లవాడు దరఖాస్తు చేయగలడే గాని నెగ్గుకు రావడం కష్టం.

కాబట్టి పదో తరగతి తర్వాత తీసుకునే నిర్ణయమే అసలు అర్హత. జీవశాస్త్రం మీద మక్కువ ఉన్నా గణితాన్ని వదలనక్కర్లేదు. కర్ణాటక పీయూసీలో పీసీఎంబీ, తమిళనాడులో బయో-మ్యాథ్స్ గ్రూపు అందుకే ఉన్నాయి.

భాష ఎక్కడ అడ్డొస్తోంది

ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లిషుల్లోనే ఉంటుంది. హిందీ మీడియం విద్యార్థి తన భాషలో గణితం రాస్తాడు. తెలుగు మీడియం విద్యార్థి పరాయి భాషలో రాస్తాడు. ఇద్దరికీ అర్హత ఒకటే, బరువు మాత్రం ఒకటి కాదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లోనూ నిర్వహిస్తున్నారు. కానిస్టేబులు కావడానికి తెలుగు చాలినప్పుడు, ఆఫీసరు పరీక్షలో కనీసం గణితం, సైన్సు ప్రశ్నలైనా తెలుగులో ఎందుకు ఉండకూడదు? ఇది అడగదగిన ప్రశ్న. మన సంఘాలు, ఉపాధ్యాయ సంస్థలు ప్రజాప్రతినిధుల ద్వారా అడగాల్సిన ప్రశ్న.

అయితే ఇక్కడ మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. ఆ కోరిక రేపే తీరినా ఇంగ్లిషుకు ఉన్న 200 మార్కులు పోవు. అకాడమీలో శిక్షణ కూడా తెలుగులో జరగదు. తెలుగులో ఆలోచించడం నేర్చిన పిల్లకు ఇంగ్లిషులో చెప్పడం కూడా నేర్పడమే మన పని. ‘త్రిభుజం’ తెలిసిన పిల్లకు ‘ట్రయాంగిల్’ నేర్పడానికి మీడియం మార్చనక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచి ప్రతి పాఠం చివర పది పారిభాషిక పదాలు రెండు భాషల్లో రాయిస్తే చాలు, మూడేళ్లలో పరీక్షకు కావలసిన పదజాలం సమకూరుతుంది.

తెలుగులో తెరిచి ఉన్న తలుపు

చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఒకటుంది. సైనిక్ స్కూళ్ల ఆరో తరగతి ప్రవేశ పరీక్షను తెలుగులో రాయవచ్చు. 300 మార్కుల్లో సగం, అంటే 150, గణితానివే. మిగతావి భాష, తెలివితేటలు, సామాన్య జ్ఞానం. ప్రవేశం పొందే ఏడాది మార్చి 31 నాటికి వయసు 10, 12 ఏళ్ల మధ్య ఉండాలి. అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. తొమ్మిదో తరగతి ప్రవేశ పరీక్ష మాత్రం ఇంగ్లిషులోనే. అంటే మన భాషలో ఉన్న తలుపు ఐదో తరగతి చదివే ఏడాది తెరుచుకుని, ఆ తర్వాత మూసుకుపోతుంది. ఆ తలుపు దాటిన పిల్లలకు ఇంగ్లిషు అలవాటు కావడానికి ఏడేళ్ల వ్యవధి దొరుకుతుంది.

ఇందులో మనకు మరో సానుకూలత ఉంది. ఈ బడుల్లో 67 శాతం సీట్లు అవి ఉన్న రాష్ట్రం పిల్లలకు, 33 శాతం బయటివారికి. చూసేది నివాసం, మాతృభాష కాదు. బళ్లారి తెలుగు పిల్ల విజయపుర, కొడగు సైనిక్ స్కూళ్లలో స్థానికురాలే. హోసూరు పిల్లవాడు అమరావతినగర్‌లో, బరంపురం పిల్లవాడు భువనేశ్వర్, సంబల్‌పూర్‌లలో, సోలాపూర్ పిల్లవాడు సాతారా, చంద్రపూర్‌లలో స్థానికులే. తెలుగు కదా అని కోరుకొండకో కలికిరికో దరఖాస్తు చేస్తే అక్కడ బయటివారి వాటాలో పోటీ పడాలి. యానాం పిల్లలు పుదుచ్చేరి కిందికి వస్తారు గనుక కోరుకొండలో వారికీ అదే లెక్క. ఫీజులు తక్కువేమీ కావు. రాష్ట్రాలు తమ నివాసులకు ఇచ్చే స్కాలర్‌షిప్పుల వివరాలు ముందే కనుక్కోవాలి.

సర్టిఫికెట్‌లో పేరు

పుట్టిన తేదీకి యూపీఎస్సీ పదో తరగతి సర్టిఫికెట్‌నే ప్రమాణంగా తీసుకుంటుంది. ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఏదో ఒక తేదీ చెప్పేస్తే, అదే పిల్లవాడి వయసుగా నిలిచిపోతుంది. పేరు సంగతీ అంతే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. తమిళనాడులో తండ్రి పేరులోని తొలి అక్షరం ఇనీషియల్ అవుతుంది. మహారాష్ట్రలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అనే వరస. ఒకే పిల్ల పేరు ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టరులో మరోలా ఉండటం మన కుటుంబాల్లో మామూలైపోయింది. తొమ్మిదో తరగతిలో పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపకముందే జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టరు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్ వచ్చాక ఒక్క అక్షరం మార్చాలన్నా నెలలు పడుతుంది.

ఈ ఏడాది చేయదగినవి

ఐదో తరగతి ఉపాధ్యాయులు సైనిక్ స్కూల్ నోటిఫికేషన్ వచ్చిన రోజే బడి గోడ మీద అంటించాలి. ఎనిమిదో తరగతిలో పిల్లలందరికీ ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి చూపు, రంగుల పరీక్ష చేయిస్తే మంచిది. లోపం ముందే తెలిస్తే పిల్లవాడు మరో దారి చూసుకుంటాడు. పన్నెండులో ఉన్నవారికి యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వేలకు వేలు పోసి కోచింగ్‌లో చేరే ముందు వాటిలో మూడు రాయించి చూడాలి.

వయసు దాటినా దారులు మిగిలే ఉంటాయి. డిగ్రీతో సీడీఎస్ రాసి చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి వెళ్లవచ్చు. ఆ అకాడమీకి సీడీఎస్‌లో గణితం పేపరు లేదు. కాలేజీలో ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ కనీసం ‘బి’ గ్రేడుతో, డిగ్రీ 50 శాతం మార్కులతో తెచ్చుకున్నవారికి ప్రత్యేక ప్రవేశం ఉంది. వారికి రాత పరీక్షే లేదు, నేరుగా సెలక్షన్ బోర్డుకు పిలుపు వస్తుంది. భాష వల్ల రాత పరీక్షలో వెనకబడే మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. కాలేజీలో చేరిన మొదటి నెలలోనే ఎన్‌సీసీలో పేరు ఇవ్వమని మన పూర్వ విద్యార్థులకు ఇప్పుడే చెబుదాం.